జీవితమునకు దిక్కు

మన భాషయందు 'దిక్కు' అను మాటకు రెండర్థములు గలవు. తూర్పు పడమరలు దిక్కులు. ఆపదలో ఆశ్రయమిచ్చువాడును దిక్కే. త్రోవ తప్పినవాడు 'ఏ దిక్కునకు పోవలెను?' అని యడుగును. అనాథ 'నాకు దిక్కెవరు?' అని యేడ్చును. ఈ రెండు ప్రశ్నలును వేఱువేఱని మనము తలచుచుందుము. కాని విచారించి చూచినచో రెండవ ప్రశ్నను చెవిని బెట్టనివానికి మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకదని నా నమ్మకము. ఈ చిన్న వ్యాసమున చెప్పదలచినది ఇంతియే.

చదువుకొన్నవారిలో నొక విచిత్రమైన దైన్యము కానవచ్చుచున్నది. విద్య గలదు; వృత్తి గలదు; గౌరవము గలదు; సంఘదోషములను గుఱించి నిర్దుష్టములైన యభిప్రాయములును గలవు. కాని యీ జీవితము ఏ వైపునకు నడచుచున్నదని తమ్ము తాము ప్రశ్నించుకొన్నప్పుడు సమాధానము తోచదు. గానుగెద్దు ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు నడచును. సాయంకాలమునకు ప్రొద్దుట నున్న చోటనే యుండును. దానికి బలము లేక కాదు, శ్రమ లేక కాదు, దిక్కు లేక. ఇట్టి స్థితిలో నున్న మనుష్యునకు మతవిశ్వాసము దారి చూపునని పెద్దలు చెప్పుదురు. క్రైస్తవులు తమ విశ్వాసమును గుఱించి యీ మాటను విశేషముగా చెప్పుదురు. ఆ మాట నిజమేనా? నిజమైనచో విశ్వాసములోని యే భాగము దారి చూపును? సిద్ధాంతమా? సంఘమా? గురువా? వట్టి తర్కముతో దీనిని తేల్చుట కష్టము. ఒక జీవితమును తీసికొని పరిశీలించుట మేలు. అందులకు పండిత రమాబాయి జీవితముకంటె తగినది నాకు కనబడలేదు. ఆమె మన శాస్త్రములను చదివినది, క్రైస్తవ గ్రంథములను చదివినది. ఒకరు చెప్పిరని దేనినిగాని యంగీకరించిన మనిషి కాదు.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పడమటి కనుమలలోని గంగామూలమను నరణ్యప్రదేశమున జన్మించెను. తండ్రియగు అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు దేవభాష నేర్పరాదను నాచారమును లక్ష్యపెట్టక ఆయన తన భార్యయగు లక్ష్మీబాయికి చదువు చెప్పెను. ఆ తల్లి కుమార్తెకు చెప్పెను. ఆ కుటుంబము తీర్థములు సేవించుచు, దేవాలయములలో పురాణము చెప్పుచు, ఊరూర తిరిగి జీవించెను. ఉన్న ధనమంతయు వ్రతములకును, దానములకును, దేవతార్చనలకును వ్యయమయ్యెను. అంతలో క్షామము వచ్చెను. పురాణము వినువారే తిండిలేక యుండగా పురాణము చెప్పువారికి పెట్టువారెవరు? తుదకు వారు మన తిరుపతి ప్రాంతపు టడవులలో ఆకులు తిని, నీరు త్రాగి, మరణమునకు సిద్ధపడి దినములు గడపిరి. 1874వ సంవత్సరమున కొద్ది నెలలలోనే తండ్రియు, తల్లియు, అక్కయు గతించిరి. పదునాఱేండ్ల బాలిక అన్నగారితో కూడ దేశమంతయు కాలినడకను తిరిగి, 1878లో కలకత్తా చేరెను.

కలకత్తా పండితులామె పాండిత్యమునకు విస్మయపడి 'పండిత' యనియు 'సరస్వతి' యనియు బిరుదములిచ్చిరి. భాగవతమునందలి పదునెనిమిదివేల శ్లోకములు ఆమెకు కంఠస్థములని ప్రసిద్ధి. ఇరువదేండ్ల వయసున ఇంత ఖ్యాతి పొందిన స్త్రీ మఱియొకతె అప్పటి హిందూదేశమున లేదనవచ్చును. అయినను ఆ బిరుదములామెకు దారి చూపలేదు. ధర్మశాస్త్రములను చదివినకొలది ఆమెకొక సంగతి స్పష్టమగుచు వచ్చెను: ఆ గ్రంథములు తక్కిన విషయములన్నిటను ఒకదానితో నొకటి విభేదించినను, స్త్రీజాతిని హీనముగా జూచుటలో మాత్రము ఏకీభవించుచున్నవి. తనను సరస్వతియని పూజించుచున్న శాస్త్రులే తనవంటి స్త్రీకి స్వతంత్రముగా మోక్షము లేదని చెప్పు గ్రంథములను ప్రమాణముగా చదువుచున్నారు. బ్రాహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుడామెను 'వేదములు చదివితివా?' యని యడిగి, స్త్రీలకు వానియం దధికారము లేదని యామె చెప్పగా, వేదగ్రంథము నొకదానిని స్వయముగా ఆమె చేతికిచ్చెను. ఆ దినమున ఒక తలుపు తెఱవబడెనుగాని దారి యింకను కనబడలేదు.

1880లో అన్నగారు మరణించెను. ఆ సంవత్సరమే ఆమె కులభేదమును పాటింపక, బిపినవిహారి మేధావి యను వంగదేశపు న్యాయవాదిని చట్టప్రకారము వివాహమాడెను. భర్తయింటి పుస్తకములలో ఆమెకు వంగభాషలో నచ్చైన లూకా సువార్త యొకటి దొరకెను, చదివి ఆకర్షింపబడెను. 1882లో విషూచి సోకి భర్త మరణించెను. ఇరువదిమూడేండ్లకు ఆమె విధవ. ఒడిలో ఏడాదియైన నిండని యాడుబిడ్డ. ఆమె పూనాకు వచ్చి స్త్రీసమాజమును స్థాపించి, హంటరు విద్యాసంఘము నెదుట స్త్రీలకు వైద్యవిద్య యావశ్యకమని సాక్ష్యమిచ్చి, వైద్యము నేర్చుకొను నుద్దేశముతో 1883లో ఇంగ్లాండునకు పోయెను.

పాఠకులారా! ఇంతవఱకు ఆమెకు లోపించినదేమి? విద్య లోపింపలేదు. ధైర్యము లోపింపలేదు. దేవుడొక్కడను నమ్మకమును లోపింపలేదు. దుఃఖానుభవము ఆమెకున్నంత మనలో నెవరికున్నది? అయినను ఈ బలములన్నియు ఒకచోటికి చేరి ఒక దారిని బట్టుటకు కావలసినదేదో ఇంకను రాలేదు. అది లండనులోని ఫుల్‌హాము అను పేటలో ఆమెకు దొరకెను.

ఆమెకు వసతి యిచ్చిన వాంటేజి మఠపు క్రైస్తవ సన్యాసినులు ఆ పేటలో నొక గృహమును నడపుచుండిరి. అది దారితప్పిన స్త్రీలను చేర్చుకొను నిల్లు. లోకమెవరిని పేరెత్తి పలుకుటకుగూడ అసహ్యించుకొనునో అట్టివారిని ఆ సన్యాసినులు తమ తోబుట్టువులవలె చూచుచు, పని నేర్పుచు, మరల మనుష్యులుగా నిలువబెట్టుచుండిరి. రమాబాయి చూచి నిశ్చేష్టురాలయ్యెను. ఆమె పెరిగిన లోకమున పతితయగు స్త్రీకి బహిష్కారమొక్కటే విధి. అట్టివారిని వెదకి తెచ్చి యింట బెట్టుకొనుట ధర్మమని యెవరైన ఆచరించుట ఆమె కన్నులారా చూచి యెఱుగదు. 'మీరిట్లు చేయుటకు కారణమేమి?' అని ఆమె యడుగగా, ఒక సన్యాసిని యోహాను సువార్త నాలుగవ అధ్యాయమునందలి సమరయ స్త్రీ కథ నామెకు వినిపించెను.

ఆ కథ మన దేశమువారికి సులభముగా నర్థమగును. యూదులు సమరయులను అంటరానివారినిగా జూచి వారితో పొత్తు పెట్టుకొనరు. నడిమధ్యాహ్నమున ఒక సమరయ స్త్రీ నీళ్లకు బావికడకు వచ్చెను. ఆమె ఐదుగురు భర్తలను గలిగియుండెను. అప్పుడు కూడియున్నవాడు భర్తయే కాడు. అక్కడ దప్పికతో కూర్చున్న యేసు ఆమెను నీరిమ్మని యడిగెను. మన గ్రామములలో నూతికడ ఎవరి చేతి నీరు ఎవరు త్రాగవచ్చునను కట్టుబాట్లను ఎఱిగినవారికి ఆ యొక్క మాటలో నెంత యున్నదో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆయన మొదట ఆమెకు బోధింపలేదు, ఆమెను యాచించెను. ఆమె జీవితమంతయు తనకు తెలియునని సూచించెనుగాని ఆమెను దూరము పొమ్మనలేదు. దేవుని నారాధించుటకు ఈ కొండయు ఆ పట్టణమును కారణములు కావనియు, సత్యమైన హృదయమే కావలెననియు నున్న మహోపదేశమును ఆయన పండితులకు గాక ఆ స్త్రీకే చెప్పెను. అప్పుడామె తన కుండను బావికడనే విడిచి, ఊరిలోనికి పోయి, అందఱిని పిలిచెను. మనుష్యుల కన్నులబడక ఎండలో వచ్చిన స్త్రీ మనుష్యులను వెదకికొనుచు పోయెను. దిక్కు దొరకుట యనగా నిదియే.

రమాబాయి ఆ కథను వట్టి కథగా వినియుండినచో ఇంత మార్పు కలుగదు. కథయు, ఆ కథ కట్టిన యిల్లును, రెండును ఒక్కసారి ఆమెకు కనబడెను. ఇక్కడ మనవారొక ఆక్షేపణ చేయుదురు: ఇట్టి కరుణ మన ధర్మములలో లేదా? వైశాలిలో వేశ్యయగు ఆమ్రపాలి యింట బుద్ధుడు భోజనము స్వీకరింపలేదా? ఆమె స్వదేశమగు మహారాష్ట్రమున పండరినాథుడు వేశ్యాపుత్రికయగు కాన్హోపాత్రను తన పాదములకడ చేర్చుకొనెనని భక్తులు పాడుట లేదా? ఈ యాక్షేపణ సత్యమే. అది ఆమెను గాక మనలను ఖండించుచున్నది. కథ యుండుట వేఱు, ఆ కథకు ఇల్లు కట్టుట వేఱు. మన కథలను మనము గుడిలో పాడితిమి. వారు తమ కథను వీధిలో కట్టిరి. మార్గము వెదకు హృదయము పాటను విని సంతోషించును. తలుపు తెఱచియున్న యింటిలోనికి మాత్రమే ప్రవేశింపగలదు.

1883వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన ఆమె బాప్తిస్మము పొందెను. ఆమె పని ముగిసినదని సంఘమువారు తలచియుందురు. నిజమునకు అప్పుడే చిక్కులు మొదలయ్యెను. త్రిమూర్త్యాత్మకుడగు దేవుడను సిద్ధాంతమును ఆమె ప్రశ్నించెను. గురుస్థానమున నున్న జెరాల్డీన్ సన్యాసిని అవిధేయత తగదని మందలింపగా, ఒక పురోహితకూటమి కాడిని ఇప్పుడే మెడనుండి దింపుకొని మఱియొక పురోహితకూటమి కాడిని ఎత్తుకొనుటకు రాలేదను నర్థమువచ్చునట్లు జాబు వ్రాసెను. ఆమె పురుషులకు పాఠము చెప్పుట కూడదని బిషప్పులనగా నిలిచి వాదించెను. వారి ప్రేమకు ఆమె జీవితాంతము కృతజ్ఞురాలు. కాని వారి యాజ్ఞకు తన మనస్సాక్షిని తాకట్టు పెట్టలేదు. కనుక సంఘమో గురువో చేయిపట్టి నడపుటవలన ఆమెకు దారి దొరకలేదు. సిద్ధాంతమునకు తల యూపుటవలనను దొరకలేదు. బాప్తిస్మము తరువాత ఎనిమిదేండ్లకు, 1891 ప్రాంతమున, తాను క్రైస్తవమతమును పొందినను క్రీస్తును మాత్రము పొందలేదని ఆమె గ్రహించి, అటుపిమ్మటనే సంపూర్ణమైన శాంతిని బొందినట్లు తానే చెప్పుకొనెను. మతము మార్చుకొనుట ఒకనాటి పని. హృదయమును అర్పించుకొనుట దీర్ఘకాలపు పని.

అమెరికాలో ధనము కూర్చుకొని స్వదేశమునకు మరలి, 1889వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఆమె బొంబాయిలో శారదాసదనమును స్థాపించెను. బాలవితంతువులకు చదువును ఆశ్రయమును ఇచ్చుట దాని యుద్దేశము. అక్కడ మతబోధ చేయరాదనియు, ఎవరి యాచారము వారిదనియు ఏర్పాటు. మరుసటి యేట అది పూనాకు మాఱెను. రానడే, భండార్కరు మొదలగు సంస్కర్తలు సలహాసంఘమున నుండిరి. ఆమె తన గదిలో తన కుమార్తెతో ప్రార్థన చేసికొనునప్పుడు తలుపు మూయలేదు. కొందఱు బాలికలు వచ్చి కూర్చుండిరి. పూనా యంతయు అట్టుడికినట్లుడికెను. 1893లో సలహాసంఘమువారు తప్పుకొనిరి. ఇరువదైదుగురు బాలికలవఱకు ఆ సదనమును విడిచిపోయిరి.

ఈ ఘట్టమును మఱుగుపఱచి ఆమెను స్తుతించుట నాకు తగదని తోచుచున్నది. తప్పెవరిది? తలుపు తీసి ప్రార్థించుట పాపము కాదు. దీపము వెలిగించినవారు దానిని బుట్టక్రింద దాచవలెననుట న్యాయమును కాదు. బలాత్కారము చేసెనని ఆమె పగవారును నిరూపింపలేకపోయిరి. కాని మఱియొక ప్రక్కను గూడ చూడవలెను. తల్లిదండ్రులు నమ్మి పంపిన బాలిక, ఒకరి అన్నము తిని, ఒకరి నీడను నిదురించుచు, ఆ యొకరు పూజించు దేవుని పూజింపగోరినచో, అందులో ఆమె స్వేచ్ఛ యెంత, కృతజ్ఞత యెంత యని తూచగల త్రాసు ఎవరి చేతనున్నది? ఉపకారికి తెలియకయే ఉపకారము అధికారమగును. కనుక ఇతరులకు దిక్కైనవారు తమ దిక్కునే వారును నమస్కరింపవలెనని కోరుకొనుటకు మిక్కిలి భయపడవలెను. ఆమె యీ భయమును తగినంత పడలేదని సంస్కర్తలు బాధపడుటకు కారణము లేకపోలేదు.

అయితే ఆమెను నిందించినవారికి నొక ఋణమున్నది. బాలికలను ఆ తలుపునుండి ఈడ్చుకొనివచ్చినవారు మఱియొక తలుపు తెఱవవలెను. ఆ ఋణమును తీర్చినవాడు ధోండో కేశవ కర్వే. శారదాసదనమున చదివిన గోదూబాయి యను వితంతువును ఆయన 1893లో వివాహమాడి, 1896లో పూనాయందు హిందూ వితంతుశరణాలయమునకై సంఘము నేర్పఱచెను. రమాబాయికి తగిన ప్రత్యుత్తరము అదియే: కేకలు గాదు, ఇల్లు. కర్వే క్రైస్తవుడు కాలేదు. మన రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహమును జరిపిన వీరేశలింగము పంతులుగారును క్రైస్తవులు గారు. అయినను ముగ్గురి ముఖములును ఒక్క దిక్కునకే తిరిగియున్నవి. క్రీస్తు చూపిన దిక్కు క్రీస్తు నామము ధరించినవారికి మాత్రమే చెందదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

సలహాసంఘము విడిచిపోయిన తరువాత ఆమె క్రుంగిపోలేదు. 1896-97లో మధ్యపరగణాలలో క్షామము పుట్టగా తానే పోయి ఆకలిగొన్న బాలికలను, వితంతువులను తెచ్చెను. పూనాకు సమీపమున కేడ్గామువద్ద కొన్న భూమియే 'ముక్తి' యయ్యెను. ఒకప్పుడు తిరుపతి యడవిలో ఆకులు తిన్న బాలిక యిప్పుడు వందలకొలది బాలికలకు అన్నపూర్ణయయ్యెను. ఆమె వారికి చేసినది భిక్ష పెట్టుట కాదు. నేత, వ్యవసాయము, అచ్చుపని మొదలగునవి నేర్పి వారి కాళ్లమీద వారిని నిలువబెట్టెను. ఆమె కుమార్తె మనోరమ అంధులకు వ్రేళ్లతో చదువు నేర్పెను. ముక్తిలోని యిండ్లలో నొకదాని పేరు 'కృపాసదనము'. అది దారితప్పిన స్త్రీలకొఱకు. ఫుల్‌హాములో చూచిన యిల్లు దాదాపు పదునైదేండ్లు ఆమె హృదయమున నుండి, సముద్రము దాటి, మరాటీనేలపై మొలచినది. 1921లో మనోరమ మరణించెను. ఆ దుఃఖముతోనే తల్లి తన బైబిలు మహారాష్ట్రానువాదమును ముగించి, 1922వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన దేహము చాలించెను. హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చి ఆమె చేసిన యా యనువాదమును అచ్చుకూర్చినది ముక్తిలోని స్త్రీలే. కేడ్గాములో ఆ యాశ్రమము నేటికిని గలదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. విశ్వాసములోని యే భాగము జీవితమునకు దారి చూపును? ఈ జీవితమునుబట్టి నేను గ్రహించినదిది. లోకము త్రోసివేసిన మనిషియందు దేవుడు దేనిని చూచుచున్నాడో దానిని ఒక్కసారి యైనను చూడగలుగుట మొదటిది. చూచినదానిని తన మనస్సాక్షికి ఆజ్ఞగా నంగీకరించుట రెండవది. ఆ యాజ్ఞకు ఒక యిల్లు కట్టుట, అనగా దినదినమును చేయదగిన పనిని గల్పించుకొనుట, మూడవది. ఈ మూడును గలిసినచోట దారి తనంతట తాను తెఱచుకొనును. మొదటిది లేనిచో సేవ వట్టి గర్వమగును. రెండవది లేనిచో దర్శనము స్వప్నమగును. మూడవది లేనిచో సంకల్పము సభలో చదివిన తీర్మానమై కాగితముననే చచ్చును.

సోదరులారా! తీర్మానములకు మనకు కొదువలేదు. సభలో మనము గట్టిగా చప్పట్లు కొట్టుదుము. ఇంటికి వచ్చునప్పటికి వెనుకటింటిలో మన యన్నము తిని తలవంచుకొని బ్రదుకు నొక బంధువు, పేరు తలపరాదని మనము నిర్ణయించిన యొక తోబుట్టువు, మన గడప దాటరాని యొక పనిమనిషి యుండును. 'నా జీవితమునకు దారి యేది?' యని మేడమీద కూర్చుండి మనము నిట్టూర్చుచుండగా, 'నాకు దిక్కెవ'రని క్రిందినుండి యొక కంఠము అడుగుచునే యున్నది. మొదటి ప్రశ్నకు దేవుడు పంపిన ప్రత్యుత్తరమే ఆ రెండవ ప్రశ్న. దిక్కులేనివారికి దేవుడే దిక్కని మనవారందురు. ఆ సామెతను చెప్పి చేతులు దులుపుకొనువారు కొందఱు. దేవుని పక్షమున తామే లేచి పోవువారు కొందఱు. రమాబాయి రెండవ తెగకు చెందినది.

ఆమె నమ్మిన సిద్ధాంతములన్నిటిని నమ్మవలెనని నేను మిమ్ము కోరుట లేదు. నేనును నమ్మినవాడను గాను. ఆమె విడిచిన కుండను మనమును విడువగలమా యని మాత్రము అడుగుచున్నాను. ఏ బావికి మనము దినదినమును పోవుచున్నామో, ఏ గౌరవమును భద్రముగా చంకను బెట్టుకొని మోయుచున్నామో, దానిని అక్కడ దింపి, మనుష్యులున్న చోటికి పోవుటకు సర్వేశ్వరుడు మనకు బలమొసగుగాక.